అచ్చులో పట్టనిది

మార్చి 3, సోమవారం

ఈ రోజు ఆఫీసులో బావకి చప్పట్లు కొట్టారు. చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఒక బటను నొక్కాడు.

నొక్కగానే, కోడు తనే రాసిపెట్టే టూలొకటి కాసేపు గిరగిరా తిరిగి మూడొందల పైచిలుకు క్లాసులు కక్కింది. ఆసుపత్రి వాళ్ళిచ్చిన స్కీమా, అంటే రిపోర్టులో ఏది ఎక్కడ ఉండాలో చెప్పే నమూనా, చూసి అదే రాసుకుంటుంది. ఊళ్ళో ల్యాబులన్నీ తమ రిపోర్టుల్ని ఎక్స్‌ఎంఎల్‌లో మన సర్వీసుకి, అంటే రాత్రీపగలూ నడిచే మన ప్రోగ్రాముకి, పంపిస్తాయి, ప్రతి వివరానికీ ట్యాగు అనే పేరుచీటీ తగిలించి. వచ్చిన రిపోర్టుని ఈ క్లాసులనే అచ్చుల్లో పోస్తే, పేషెంటు పేరు ఒక అరలో, రక్తంలో చక్కెర ఇంకో అరలో, తేదీ మరో అరలో వెళ్ళి బుద్ధిగా కూర్చుంటాయి. అక్కణ్ణుంచి వార్డు తెర మీదకి పంపడమే. "మనం ఒక్క ట్యాగు కూడా ముట్టుకోనక్కర్లేదు," అన్నాడు బావ, ముట్టుకుంటే చెయ్యి కాలుతుందన్నట్టు. అందరూ మురిసిపోయారు. పని తప్పిందంటే ఎవరు మురవరు?

ఆఫీసులో ఆయన్ని సార్ అనాలి. మా అక్క మొగుడు. నేనుండేది వాళ్ళ ఇంటి మేడమీద గదిలో. పొద్దున్నే నా టవల్ వాడుకుని, పది గంటలకి ప్రాజెక్టు హెడ్డు అయిపోతాడు.

ఈ ఉద్యోగం ఆయనే ఇప్పించాడని అక్క ఏ రోజూ అనదు. అనకుండానే వినపడేలా ఉంటుంది.

మార్చి 4

అక్క కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. బావ లొట్టలేసుకుంటూ తిన్నాడు. ఇలాంటి మనిషికి ఏ స్కీమా ఇచ్చినా బాగానే ఉంటుంది.

మార్చి 7

ఒక ల్యాబువాడు ఎక్కడో రెండు ట్యాగుల వరస మార్చాడు. అంతే. మన మూడొందల క్లాసులూ బొక్కబోర్లా పడ్డాయి. మళ్ళీ బటను, మళ్ళీ గిరగిర. ఈసారి కొత్త క్లాసులకీ పాత కోడుకీ పడలేదు, అత్తాకోడళ్ళలా. పొద్దుటి పూటంతా దానికే సరిపోయింది.

మధ్యాహ్నం బావ బల్ల దగ్గరికి వెళ్ళి అడిగాను. "వాళ్ళు వరస మార్చినప్పుడల్లా మనం ఇల్లు పీకి కట్టుకుంటామా బావా?"

"ఇక్కడ సార్ అనరా," అన్నాడు గొంతు తగ్గించి. "నలుగురూ ఉన్నారు."

"సార్ అనమంటూనే రా అంటావేంటి?"

నవ్వాడు. జవాబు లేనప్పుడల్లా నవ్వుతాడు. అక్క దాన్ని ఓర్పు అనుకుంటుంది.

"అది కాదు, విను," అన్నాను. "ల్యాబు పంపిన రిపోర్టుని ఒక ఉత్తరం అనుకో, వచ్చినదాన్ని వచ్చినట్టే పచ్చిగా చేతిలోకి తీసుకో. మనకి కావలసినవి ఏ పదో పన్నెండో ముక్కలు. అవి ఎక్కడున్నాయో వెతికి తీసుకో. మిగతాది చెదరకుండా అలాగే దాచిపెట్టు. రేపు వాడు వంద కొత్త ట్యాగులు కలుపుకున్నా మనకేం? ఈ క్లాసులన్నీ ఎందుకు?"

"చేత్తో రాస్తే తప్పులు రావా మరి?"

"రాసేవాణ్ణి బట్టి ఉంటుంది."

మళ్ళీ నవ్వాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, కొరుకుతున్నాడేంటా అని చూస్తాడట.

మార్చి 12

దొరికిపోయారు. అందరూ దొరికిపోయారు.

దొరకబుచ్చుకుంది మాత్రం పరీక్షలావిడ. మేం రాసినదాన్ని విరగ్గొట్టి చూడడమే ఆవిడ ఉద్యోగం. ఏ మాటైనా "ఒకవేళ" అనే మొదలుపెడుతుంది. ఇంట్లో పాలు కాచేటప్పుడు కూడా "ఒకవేళ పొంగితే" అని పక్కన ఇద్దర్ని కాపలా పెడుతుందనుకుంటాను. ఇద్దరు పిల్లల తల్లి. సాయంత్రం ఐదు కొట్టగానే సంచీ భుజాన వేసుకుంటుంది. అలాంటి మనిషికి కూడా దొరికిందంటే ఆ తప్పు ఎంత లావుగా ఉందో మరి.

ఇంకా అసలు పేషెంట్ల మీద పెట్టలేదు, ప్రయోగంగానే నడుపుతున్నాం. ఒక ల్యాబు నుంచి ఒకే మనిషికి రెండు రిపోర్టులు వచ్చాయి. మొదటిది తప్పు, రెండోది దిద్దినది. రెండోదాంట్లో "ఇది సవరణ" అని చెప్పే కొత్త ట్యాగు ఒకటి పెట్టాడు ల్యాబువాడు. మన అచ్చుల్లో దానికి అర లేదు. అర లేనిదాన్ని ఆ క్లాసులు ఏం చేస్తాయి? కిక్కురుమనకుండా పారేస్తాయి. వార్డు తెర మీద రెండూ పక్కపక్కనే కవలపిల్లల్లా నిలబడ్డాయి, ఏది నిజమో ఏది అబద్ధమో తెలియకుండా.

మీటింగులో నేను లేచి నిలబడ్డాను. సర్వరుకి వచ్చిన అసలు ఉత్తరాన్ని గోడ మీద చూపించాను. "ఇదిగో ట్యాగు. పంపినవాడు పంపాడు. మన ప్రాజెక్టు హెడ్డుగారి మూడొందల మంది గుమాస్తాల్లో ఒక్కడికీ చదవడం రాదు." ఎవరో కిసుక్కుమన్నారు. బావ మొహం ఎర్రబడింది. మా కంపెనీ డైరెక్టరు పెన్ను తిప్పడం ఆపాడు.

అప్పుడు బావ అన్నాడు: "వాడు చెప్పిందే నిజం సార్. నేనే పొరపాటు పడ్డాను. క్లాసులు పక్కనపెట్టి వాడి పద్ధతిలోనే చేద్దాం. వాణ్ణే రాయనివ్వండి."

చేతకానివాడు చేతులెత్తేస్తే దాన్ని కూడా పెద్దమనసు అంటారు మా ఆఫీసులో. డైరెక్టరు ఆయన భుజం తట్టాడు. ఆయన భుజం! గెలిచింది నేను.

మార్చి 13

అక్క కంచం పెట్టింది, అంతే.

మార్చి 17

రాస్తున్నాను. ఎంత బాగుందో ఎవరికి చెప్పను? చెప్పినా అర్థమయ్యే మొహం ఒక్కటీ లేదు.

ఉత్తరం వచ్చి తలుపు దగ్గర నిలబడుతుంది. దాన్ని ఎవరూ విప్పరు, మడవరు, అరల్లో కుక్కరు. పై కవరు తీసి లోపలి కాగితం తీసుకుంటాను. మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి చూపు సారిస్తాను. పేషెంటు నంబరు, పరీక్ష పేరు, విలువ, హద్దులు, సవరణ అయితే సవరణ. ఏది కావాలో దాని దారి నాకు తెలుసు, తిన్నగా వెళ్ళి తెచ్చుకుంటాను. మిగతాదంతా అక్షరం పోకుండా డబ్బాలో భద్రం. మూడొందల క్లాసులు చేసే పని మూడు ఫైళ్ళలో అయిపోయింది. బావకి చూపిస్తే, "ఇంతేనా?" అన్నాడు. ఇంతే. తెలివి ఉన్నచోట ఇంతే ఉంటుంది.

మార్చి 19

పరీక్షలావిడ వచ్చింది. ఒకవేళ.

"ఒకవేళ ఈ పొట్టిపేరు మారితే ఏమండీ?"

ప్రతి ట్యాగుకీ ముందు ఒక పొట్టిపేరు ఉంటుంది, ఇంటిపేరు లాగా. ఈ ల్యాబులన్నీ "ఆర్" అని పెడుతున్నాయి. నిజానికి ఎవరికి నచ్చింది వాళ్ళు పెట్టుకోవచ్చు. అసలు గుర్తు ఉత్తరం మొదట్లో రాసే పొడవాటి చిరునామా. చదివేవాడు చూడాల్సింది దాన్ని. కానీ "ఆర్" పట్టుకుని వెతికితే పని చిటికెలో అవుతుంది. అందుకని "ఆర్" పట్టుకునే వెతుకుతున్నాను.

"మారదు," అన్నాను. "మార్చేంత తెలివి ఈ ల్యాబుల్లో ఎవడికీ లేదు."

"మారిందే అనుకోండి. ఏమీ దొరకదు కదా. దొరక్కపోతే మన సర్వీసు ఏం చేస్తుంది?"

"అందింది అని జవాబిస్తుంది. అందడం నిజమే కదా."

"తెర మీద మాత్రం ఖాళీగా ఉంటుంది."

"అమ్మా, మీకు ఐదైంది," అన్నాను. పక్కవాళ్ళు నవ్వారు. ఆవిడ నవ్వలేదు. సంచీ తీసుకుంది.

మార్చి 21

కోడుని పైకి, అంటే అసలు ఆసుపత్రిలోకి, పంపడానికి ముందు హెడ్డు ఒప్పుకోవాలి. బావ అడిగాడు, "ఆవిడేదో అడిగిందట, చూశావా?"

"చూశాను."

చూడాల్సిందేమీ లేదు. తీరిగ్గా ఉన్నప్పుడు మారుస్తాను.

మార్చి 24, సోమవారం

ఈ రోజు నుంచి అసలు ఆసుపత్రిలో, అసలు మనుషుల మీద. పొద్దుట్నుంచి ఒక్క రిపోర్టు తప్పలేదు. డైరెక్టరు కేకు తెప్పించాడు. కత్తి నా చేతికిచ్చాడు. బావ అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. నటించడం కూడా చేతకాదు ఆయనకి, కళ్ళు తడిసిపోయాయి.

మార్చి 28

ఇంకో ల్యాబు మూడు కొత్త ట్యాగులు కలిపింది. మన సర్వీసు కన్నార్పలేదు. భోజనాల దగ్గర ఆ సంగతే చెప్పాను. బావ పాత క్లాసులు ఉండి ఉంటే ఈ పాటికి ఆఫీసంతా గుండెలు బాదుకుంటూ ఉండేదని కూడా చెప్పాను. బావ తలూపాడు. ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచాక అక్క అంది:

"నలుగురిలో మీ బావని అలా అనకురా."

"ఇక్కడ నలుగురెక్కడున్నారు? ముగ్గురమే."

"నేను నలుగురితో సమానం అనుకో."

"నిజం చెప్తే ఎందుకు నొప్పి?"

"నువ్వు చెప్పేది నిజమే. చెప్పేటప్పుడు నీ మొహం చూసుకున్నావా ఎప్పుడైనా?"

అక్కకి ఎక్స్‌ఎంఎల్ అంటే ఏమిటో తెలియదు. ఆవిడతో వాదన ఏమిటి?

ఏప్రిల్ 2, బుధవారం

రాయాలి. క్రమంగా రాస్తే క్రమంగానే కనపడుతుంది, ఎవరిది తప్పో.

నిన్న సాయంత్రం ఒక ల్యాబు తన సాఫ్ట్‌వేరు మార్చుకుంది. ఎవరికీ చెప్పలేదు. ఇది ముఖ్యం. ఎవరికీ చెప్పలేదు.

ఈ పొద్దున వార్డులో ఒక పెద్దాయనకి రక్తం తీశారు. కిడ్నీలు సరిగా పనిచేయని మనిషి. పొటాషియం ఎంతుందో చూడాలి. ఎక్కువైతే గుండె ఆగుతుందట. ల్యాబు పరీక్ష చేసింది, ఎక్కువే ఉంది, చాలా ఎక్కువ. ఎర్రగుర్తు పెట్టి మనకి పంపింది. మన సర్వీసు "అందింది" అంది.

వార్డు తెర మీద ఏమీ రాలేదు. రాలేదు కాబట్టి ఇంకా పరీక్ష అవుతోందనుకున్నారు. తెర ఖాళీగా ఉంటే నర్సులు ఏమనుకుంటారు? ఎదురుచూస్తారు. చూశారు. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక ఒక నర్సు విసుగొచ్చి ల్యాబుకి ఫోను చేసింది. "పొద్దున్నే పంపాం కదా, మీకు అందిందని జవాబు కూడా వచ్చిందే," అన్నారు వాళ్ళు. ఆ సరికే ఆయనకి ఊపిరాడడం లేదు. ఐసీయూకి తోసుకుపోయారు.

మాకు ఫోను వచ్చింది. నేను అసలు ఉత్తరం తెరిచాను. అంతా ఉంది. పేరు, నంబరు, విలువ, ఎర్రగుర్తు, అక్షరం పొల్లుపోకుండా. ట్యాగుల ముందున్న పొట్టిపేరు మాత్రం "ఆర్" కాదు. "ఎన్నెస్2".

చెప్పకుండా మార్చారు.

పొడవాటి చిరునామా పట్టుకుని వెతికేలా కోడు మార్చాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. బావ నా కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు.  "పది నిమిషాల పనేనా?" అని కూడా అనలేదు.

తప్పు ల్యాబుది.

ఏప్రిల్ 3

పెద్దాయన బతికే ఉన్నాడు. ఇంకా ఐసీయూలోనే.

ల్యాబు చెప్పి ఉండాల్సింది.

ఏప్రిల్ 4

ఆసుపత్రిలో మీటింగు. పొడవాటి బల్ల, మంచినీళ్ళ సీసాలు, ఎవరూ తాగలేదు. అటువైపు ల్యాబుల మీద పెద్ద డాక్టరమ్మ. ఇటువైపు డైరెక్టరు, బావ, నేను.

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. అడిగింది: "పొట్టిపేరు మార్చుకునే హక్కు ల్యాబుకి ఉందా, లేదా?"

డైరెక్టరు నావైపు చూశాడు. నేను నోరు తెరిచాను. ల్యాబు ముందుగా తెలియజేయాల్సిన బాధ్యత గురించి మంచి వాక్యం ఒకటి తయారుచేసుకుని వెళ్ళాను.

"ఉందండీ," అన్నాడు బావ. "ల్యాబు తప్పు లేదు. పొట్టిపేరు నమ్ముకోకూడదని ఈ పనిలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. పరీక్షించేటప్పుడు మా వాళ్ళొకరు ఈ అనుమానం కూడా చెప్పారు. అది తేల్చకుండా పైకి పంపమన్నది నేను. ఒప్పుకుంటూ సంతకం పెట్టింది నేను."

"రాసిందెవరు?"

"నా టీము. అంటే నేనే."

డాక్టరమ్మ రాసుకుంది. నా వాక్యం నా నోట్లోనే ఉండిపోయింది.

త్యాగమూర్తి! ఆ గదిలో ఎవరూ అడగకుండానే మెడ చాపాడు. మంచివాడనిపించుకునే అవకాశం వస్తే వదలడు గదా. పొగడ్తలే కాదు, నిందలు కూడా ఆయనకే కావాలి. నాకేమీ మిగల్చడు.

కారులో తిరిగి వస్తుంటే కిటికీ అద్దం దించి, "గాలి బాగుంది," అన్నాడు.

ఏప్రిల్ 5

ఏమీ లేదు.

ఏప్రిల్ 8

బావని తీసేశారు. ఆసుపత్రికి ఒక పేరు కావాలట, ఆయన పేరిచ్చారు. మధ్యాహ్నానికల్లా బల్ల ఖాళీ చేశాడు. ఎక్కువ సామానేం లేదు. ఒక కప్పు, ఒక దువ్వెన, అక్క అల్లిన స్వెట్టరు.

సాయంత్రం డైరెక్టరు పిలిచి, ఇకనుంచి ప్రాజెక్టు హెడ్డుగా నన్ను ఉండమన్నాడు. ఒప్పుకున్నాను. కాదనడానికి నేనేం పిచ్చివాణ్ణా? పద్ధతి నాది, కోడు నాది. ఎవరో ఒకరు చేయాలి. అర్హత ఉన్నవాడు చేస్తే నష్టమేమిటి?

నష్టమేమిటి?

ఏప్రిల్ 9

అక్క గిన్నెలు తోముతోంది. నేను మంచినీళ్ళకని వెళ్ళాను. వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"ఎవరిదిరా తప్పు?"

"ఆఫీసు సంగతులు నీకు అర్థం కావక్కా. అది పొట్టిపేర్లకీ చిరునామాలకీ సంబంధించిన..."

"అర్థం కాకుండా చెప్పడం నీకు చిన్నప్పట్నుంచీ వచ్చు. అర్థమయ్యేలా చెప్పు. ఎవరిది?"

"బావ సంతకం పెట్టాడు."

"అది మీ బావ చెప్పాడులే. నేను నిన్నడుగుతున్నాను."

కుళాయి కట్టేసింది. నేను మంచినీళ్ళు తాగాను. గ్లాసు కడిగి బోర్లించాను. ఎప్పుడూ కడగను. అక్క ఆ గ్లాసు తీసి మళ్ళీ కడిగింది.

ఏప్రిల్ 11

బావ కుర్చీ ఒకవైపుకి వాలుతోంది. ఇన్నాళ్ళూ ఎవడికీ చెప్పకుండా దీంట్లోనే కూర్చున్నాడు. మొద్దు.

పరీక్షలావిడ వచ్చి నిలబడింది. వేరే ప్రాజెక్టుకి మార్చమని అడగడానికి.

"మీ కింద చెయ్యను," అంది.

"కారణం?"

"అడిగితే నవ్వారు కాబట్టి."

"చూడండి, ఆ రోజు నేను..."

"నేను చెప్పేది అది ఒక్కటే కాదు. మీరు నన్ను నలుగురిలో ఏదో ఒకటి అనేవారు. ఆ సాయంత్రం సార్ నా బల్ల దగ్గరికి వచ్చేవారు. 'మా వాడి నోరు అంతేనమ్మా, పని మాత్రం బంగారం, కాస్త ఓపిక పట్టండి' అనేవారు. నాకే కాదు. ఇక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరికీ చెప్పారు ఏదో ఒక రోజు. మీరు ఇక్కడ ఉద్యోగం చేయడం లేదండీ, సార్ మీ వెనకాల తుడుచుకుంటూ వస్తుంటే మీరు నడిచారు. ఇప్పుడు తుడిచేవాళ్ళు లేరు. నేను తుడవను."

ఇంత పొడుగు మాట ఆవిడ ఎప్పుడూ మాట్లాడలేదు. ఒక్క "ఒకవేళ" కూడా లేదు.

ఆవిడ వెళ్ళాక గదిలో అందరివైపూ చూశాను. ఎవరూ తల ఎత్తలేదు. అందరి దగ్గరికీ వెళ్ళాడా? ఆ మూల కూర్చునే కళ్ళద్దాలవాడి దగ్గరికి కూడానా? నేను వాణ్ణి గాడిద అన్నది ఒక్కసారే కదా.

బావ మీద అసహ్యం వేసింది. అడిగానా నేను? ఎవడు చెప్పమన్నాడు?

ఏప్రిల్ 12, శనివారం

వార్డు తెరలు సరిగా ఉన్నాయో లేదో చూసిరావాలని ఆసుపత్రికి వెళ్ళాను. హెడ్డు అన్నాక చూసుకోవాలి కదా. శనివారమైనా.

పెద్దాయన్ని మామూలు వార్డుకి మార్చారు. చిన్న మనిషి. దిండు విషయంలో భార్యతో పోట్లాడుతున్నాడు.

"ఎత్తు చాలదు అంటుంటే వినవేం?"

"ఇంకా ఎత్తు పెడితే పైకప్పుకి తగులుతావు. పడుకో."

నేను గోడ మీది తెర దగ్గర నిలబడి, చూస్తున్నట్టు చూశాను. ఆయన నన్ను మెకానిక్కు అనుకున్నాడు.

"బాగుచేయడానికొచ్చావా బాబూ?"

"చూడ్డానికొచ్చానండీ."

"మొన్న ఆ పెట్టెలో నేను లేనటయ్యా!" అన్నాడు, అదేదో తన ఘనత అయినట్టు. "ఇక్కడ మంచం మీద గిలగిల కొట్టుకుంటున్నాను, అందులో చూస్తే లేనట. అందర్నీ పిలిచి చెప్తోంది మా ఆవిడ, ఈయన బతికుండగానే మాయమయ్యాడని."

"నవ్వులాటగా ఉందా నీకు?" అంది పెద్దావిడ. ఆవిడ నవ్వడం లేదు. చేతిలో దిండు గలీబు మడతపెడుతోంది, విప్పుతోంది, మళ్ళీ మడతపెడుతోంది. "పొద్దుట్నుంచీ అడుగుతూనే ఉన్నాను బాబూ. రాలేదమ్మా, రాలేదమ్మా అన్నారు. వాళ్ళనేం అంటాం, పెట్టెలో కనపడకపోతే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? ఇంతకీ ఎందుకు రాలేదంటావ్?"

ల్యాబు వాళ్ళు చెప్పకుండా మార్చారు. ఆ మాట నాలుక చివర దాకా వచ్చింది. ఈ పది రోజులుగా దాన్ని ఎంత నున్నగా అరగదీశానో.

"వచ్చిందమ్మా," అన్నాను. "పొద్దున్నే వచ్చింది. చదివేవాడు సరిగా చదవలేదు."

"ఎవడు వాడు?" అన్నాడు పెద్దాయన.

నేను దిండు సర్దబోయాను. దిండు కింద ఇంకో దుప్పటి మడత పెట్టమన్నాడు, పెట్టాను. ఎత్తు సరిపోయిందన్నాడు. పెద్దావిడ నా మొహంలోకి కాసేపు చూసి, ఆ తర్వాత చూడడం మానేసింది. అర్థమైందనుకుంటాను.

బయట మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. ఏ తెలివి ఉందని నాకు? "ఆర్" పట్టుకుని వెతికాను. నాలుగు రోజుల క్రితం చేరినవాడు కూడా అలా చేయడు. ఆవిడ అడిగింది. నాకు తెలుసు. తెలిసే చేశాను, ఆవిడ అడిగిందన్న పంతానికే దిద్దలేదు. వేరే ఎవడైనా ఇలా చేసి ఉంటే ఈ డైరీలో వాడికి ఎన్ని పేజీలు పెట్టేవాణ్ణి!

ఏప్రిల్ 14

డైరెక్టరు గదికి వెళ్ళి చెప్పాను. పొట్టిపేరు సంగతి తెలిసే వదిలేశానని. బావ అడిగితే చూశానని అబద్ధం చెప్పానని.

ఆయన పెన్ను తిప్పుతూ విన్నాడు. "తెలుసు," అన్నాడు.

"తెలుసా?"

"కోడు ఎవరు రాశారో నాకు తెలియదా? ఆసుపత్రి నుంచి ఫోను వచ్చిన రోజే మీ బావగారు నా దగ్గరికి వచ్చి, ఎవరో ఒకరు పోవాలంటే తను పోతానన్నారు. మీ పేరు బయటికి రాకూడదన్నారు. 'వాడికి మళ్ళీ ఎవరూ ఉద్యోగం ఇవ్వరు సార్, వాడితో ఒక్కసారి మాట్లాడితే చాలు, వద్దంటారు,' అన్నారు." కాస్త నవ్వాడు కూడా. "వెళ్ళండి. అయిపోయినదాన్ని తవ్వకండి. ఆసుపత్రికి ఒక పేరు చాలు, రెండెందుకు?"

ఇతనూ ఒక మనిషేనా! అంతా తెలిసే ఆ కుర్చీ నాకిచ్చాడు. పని జరిగితే చాలు. మనిషి ఎవడైతేనేం, అరలో పడితే సరి.

అక్కణ్ణుంచి తిన్నగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడకీ చెప్పాను. ఆవిడ తన కాగితంలో బావ పేరు పక్కన నా పేరు రాసుకుంది. స్పెల్లింగు అడిగింది. చెప్పాను.

ఏప్రిల్ 16

డైరెక్టరుకి కోపం వచ్చింది. ఉద్యోగం తీయలేదు, ఆ కోడు చదవగలిగినవాడు ఇంకొకడు లేక. హెడ్డు మాత్రం ఇప్పుడు పరీక్షలావిడ. మొదట తను వద్దందట. తర్వాత ఒప్పుకుంది, రెండు షరతుల మీద. తను సరేననకుండా నా అక్షరం ఒక్కటి కూడా పైకి వెళ్ళకూడదు. ఐదింటికి ఇంటికి వెళ్తుంది.

బావని వెనక్కి పిలవమని అడిగాను. డైరెక్టరు పెన్నుతో తలుపు చూపించాడు.

ఏప్రిల్ 18

ఆవిడ పొట్టిపేర్లన్నీ తలకిందులు చేసిన ఉత్తరాలు ఒక కట్ట పంపింది. అన్నీ సరిగానే చదివింది నా సర్వీసు. తర్వాత అసలు పొట్టిపేరే లేనిది ఒకటి పంపింది. అదీ చదివింది. తర్వాత లోపల ఏమీ లేని కాగితం పంపింది. "అందింది" అని చెప్పకుండా గట్టిగా అరిచింది సర్వీసు, అలా అరవాలని నిన్న నేనే రాశాను. ఆవిడ మొహంలో ఏ మెచ్చుకోలూ లేదు. ఇంకో కట్ట తయారుచేసుకోవడానికి వెళ్ళింది. భరించలేని మనిషి.

ఏప్రిల్ 20, ఆదివారం

భోజనమయ్యాక బావ మేడమీదికి వచ్చాడు. నేను ఈ గదిలో ఉంటున్నప్పటి నుంచీ ఎప్పుడూ రాలేదు, కింద నుంచే కేకేస్తాడు. చంకలో ల్యాప్‌టాప్, చేతిలో ఒక నోటు పుస్తకం.

"ఎల్లుండి ఒకచోట ఇంటర్వ్యూ ఉందిరా," అన్నాడు. "వాళ్ళు క్లాసులు వాడరట. అంతా పచ్చిగానే చదువుతారట, నీలాగ. కాస్త చెప్పిపెట్టు."

మంచం మీద కూర్చున్నాడు. నేను కుర్చీలో. చెప్పడం మొదలుపెట్టాను. ఎంత మందబుద్ధో! ఒక్కో మాటా మూడేసిసార్లు చెప్పాలి. కవరు ఏది, కాగితం ఏది, దారి ఎలా రాయాలి. చివరికి పొట్టిపేరు దగ్గరికి వచ్చాం. నేను ఆగాను.

"చెప్పు," అన్నాడు.

చెప్పాను. చిరునామా చూడాలి, పొట్టిపేరు కాదు. ఎందుకో కూడా చెప్పాను.  బావ రాసుకుంటూ కూర్చున్నాడు, స్కూలు పిల్లాడిలా నాలుక బయటపెట్టి.

"డైరెక్టరుకి చెప్పావట," అన్నాడు రాస్తూనే.

"నువ్వెందుకు అడ్డం పడ్డావ్ బావా? నేనడిగానా?"

"నువ్వు అడగవని నాకు తెలుసుగా."

"నాకు నీ దయ అక్కర్లేదు."

"దయ కాదురా. మీ అక్కకి నేను జవాబు చెప్పుకోవాలి. నువ్వు పోతే ఇంట్లో నా పరిస్థితేంటి?" అన్నాడు. నవ్వబోయి మానేశాడు. పుస్తకం మూసి నావైపు చూశాడు. "కానీ ఒకటి చెప్తా విను. ఆ పెద్దాయన పోయి ఉంటే నేను అడ్డం పడేవాణ్ణి కాదు. చేయి పట్టుకుని నేనే తీసుకెళ్ళి నిలబెట్టేవాణ్ణి."

నేను ల్యాప్‌టాప్ మూసి ఆయన చేతికిచ్చాను. 

లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "నీ పద్ధతి మంచిదేరా. మొదట్లోనే తెలుసు నాకు. నీతో పడడమే కష్టం."

మెట్లు దిగాడు. కింద అక్క గొంతు వినపడింది.

"తిట్టాడా?"

"అబ్బే."

"నిజం చెప్పు."

"ఒక్కసారి. అదీ చిన్నగా."

పాఠం మధ్యలో మూడుసార్లు తిట్టాను. మూడోసారి చిన్నగా కాదు.